పాపకు పట్టుందా అని బెంగళూరు వెళ్లాం

మా పలమనేరు నుంచి బెంగళూరుకు రోజూ జనం వెళ్తూనే ఉంటారు. కొందరు టమోటా బుట్టలతో, కొందరు పెళ్లి చీరల కోసం, కొందరు ఊరికే చూసి రావడానికి. మేము పాప నెత్తురు చూపించడానికి వెళ్లాం. తిరిగొచ్చాక వాకిట్లోకి వచ్చి అడిగినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. చిన్నబిడ్డను ఎత్తుకుని ఇలాంటి పని మీద పోవాల్సినవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకు కాస్త ధైర్యంగా ఉంటుందని, ఆ అవసరం లేనివాళ్లకు నగర్తపేట ఎలా ఉంటుందో తెలుస్తుందని రాస్తున్నాను.

రెండువేలు దాటిన తొలి సంవత్సరాలవి. మేము పట్టుపురుగులు పెంచుతాం. మా ఆయన మునిరత్నం నాకు సొంత మేనమామ, మా అమ్మకు ఆఖరి తమ్ముడు. పెళ్లికి ముందూ మామా అనేదాన్ని, ఇప్పుడూ అదే పిలుపు. మా మొదటి బిడ్డ మగపిల్లాడు. వాడికి బొడ్డు ఊడలేదు. పక్షం దాటింది, నెల దాటింది. బొడ్డు చుట్టూ ఎర్రగా కమిలి పుండయింది కానీ, ఆ పుండులో ఒక్క బొట్టు చీము పట్టలేదు. తిరుపతిలో చూసిన పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేయించి ఆశ్చర్యపోయాడు. ఒంట్లో తెల్లకణాలు ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఉన్నాయి, పుండు దగ్గరికి మాత్రం ఒక్కటీ రావడం లేదు. ఆ కణాల మీద ఉండాల్సిన రిసెప్టర్ ఏదో లేదేమోనని అనుమానించి నమూనా బెంగళూరు పంపాడు. జవాబు వచ్చేసరికి మా బాబు లేడు. ఆ డాక్టరు అనుమానమే నిజమైంది.

మళ్లీ బిడ్డ పుడితే రెండు నెలల్లోపు బెంగళూరుకు తీసుకురమ్మని అప్పుడే చెప్పారు. ఈసారి ఆడపిల్ల. బొడ్డు నాలుగో వారంలో ఊడింది. వాళ్లన్న కంటే ముందే, కానీ మిగతా పిల్లలకంటే ఆలస్యంగా. దాన్ని మంచికనుకోవాలో చెడుకనుకోవాలో చెప్పేవాళ్లు మా ఊళ్లో లేరు.

నంగిలి దాటాక

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పాపను మెత్తని పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న ముళబాగిలు ఆమె, వయసులో మా అమ్మంత ఉంటుంది, ఎక్కినప్పటి నుంచి చేతులు చాపుతూనే ఉంది.

“ఇట్లియ్యమ్మా, స్వల్ప సేపు ఎత్తుకుంటా. నీకు చేతులు నొస్తాయి.”

బిడ్డను ఎత్తుకుంటానని అడిగినవాళ్లకు ఇవ్వకపోవడం మా వైపు పెద్ద తప్పు. ఇవ్వాలంటే నాకు భయం. చేతులెక్కడెక్కడ పెట్టి వచ్చిందో! పట్టుపురుగుల గదిలోకి మేము బయటివాళ్లను రానివ్వం. కాళ్లు కడిగి, సున్నం తొక్కి లోపలికి పోతాం. పురుగుకే అంత చేసేదాన్ని, బిడ్డకెంత చేస్తాను? “జలుబుగా ఉందమ్మా దీనికి, మీకు అంటుకుంటుంది” అని అబద్ధమాడాను. ఆమె నొచ్చుకోలేదు. సంచిలోంచి ఒక జామకాయ తీసి నాకిచ్చి, “నువ్వన్నా తిను” అంది.

నంగిలి దగ్గర రాష్ట్రం మారుతుంది. మారేది బోర్డుల మీది అక్షరాలే. బస్సులో మాటలు మాత్రం సగం తెలుగు, సగం కన్నడం, ముందు ఎలా ఉన్నాయో అలాగే సాగాయి. ముళబాగిలులో బస్సు ఆగితే మామ దోసెలు తెచ్చాడు. పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా మెత్తగా, వెన్న కారుతూ ఉన్నాయి. మా ఊరి దోసె కంటే రెండు రూపాయలు ఎక్కువ, రుచి అంతకంటే ఎక్కువ. కోలారు దాటి హొసకోటె చేరేసరికి ఫ్యాక్టరీ గోడలు, లారీలు మొదలయ్యాయి. అక్కడి నుంచి బెంగళూరు ఊరు కనిపించడానికి పట్టిన సమయం, పలమనేరు నుంచి కోలారు రావడానికి పట్టినంతుంది.

పెద్దమ్మ ఇల్లు

నగర్తపేటలో నాగరత్నమ్మ పెద్దమ్మ ఉంది. మా అమ్మకు పెద్దనాన్న కూతురు. వాళ్లు బెంగళూరులో మూడు తరాలుగా ఉన్నారు. కింద ఆమె కొడుకు శీనన్న జరీ దుకాణం, పైన ఇల్లు. ఆ వీధిలో ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు గోడకు ఒత్తుకోవాలి. ఒక గడపలో జరీ కండెలు, పక్క గడపలో ఇత్తడి గంటలు, ఆ పక్కన పెళ్లిపత్రికలు అచ్చు వేసే మిషను. మేము పెంచిన గూళ్లలోంచి వచ్చిన దారమేదో తిరిగి తిరిగి ఈ సందులోకి వచ్చి చేరుతుందేమోనని మామ ప్రతి దుకాణంలోకీ తొంగి చూశాడు.

“ఏమప్పా మునిరత్నం, ఎట్లుండావు? బిడ్డ ఎట్లుండాది?” అంటూ పెద్దమ్మ మెట్ల పైనుంచే కేక వేసింది. దగ్గరికి వచ్చాక మాత్రం పాపను ముట్టుకోలేదు. నేను చెప్పకముందే, “నాకు తెలుసులేమ్మా, శీనుడు చెప్పినాడు. డాక్టరు సరే అన్నంక ఎత్తుకుంటా. అంతదాకా దూరం నుంచే చూస్తా” అంది. ఆ మాటకు నాకు సగం ప్రయాణ బడలిక తీరిపోయింది.

చలికాలం. బెంగళూరంతా అవరెకాయల, అంటే మన అనపకాయల వాసన. మేము పితికిపప్పు అంటాం, వాళ్లు హితికిద బేళె అంటారు. నానబెట్టిన అనపగింజల్ని వేళ్లతో పితికి తొక్క తీసే పని ఒక్కటే. మేము కారం దంచి వేస్తాం. పెద్దమ్మ కొబ్బరి ఎక్కువ వేసి, చివర చిటికెడు బెల్లం కూడా వేసింది. “ఇందులో బెల్లమెందుకక్కా?” అన్నాడు మామ. “సుమ్నే తినప్పా, మాట్లాడకుండా. మూడు పూటలు తింటే నువ్వే అడుగుతావు” అంది. మూడో పూటకు నిజంగానే అడిగాడు.

మరుసటి పొద్దున కాఫీ దగ్గర చిన్న పొరపాటు జరిగింది. ఆ ఊళ్లో ఒక కాఫీని ఇద్దరు పంచుకోవడాన్ని వన్ బై టూ అంటారు. అది వినివున్న మామ హోటలుకు పోయి, మేమిద్దరమే కదా అని, “రెండు వన్ బై టూ” అన్నాడు. నాలుగు గ్లాసులు వచ్చాయి. వెనక్కి పంపడానికి మొహమాటపడి మూడు తనే తాగాడు. ఆసుపత్రిలో చేతులు వణుకుతుంటే, అది కాఫీ వల్లే, భయం వల్ల కాదని నాతో రెండుసార్లు చెప్పాడు.

డాక్టరమ్మ రెండు చేతులు

ఆసుపత్రి పేరు చెప్పను, ఊరికి పెద్దది. మమ్మల్ని చూసిన డాక్టరమ్మ బళ్లారిలో పెరిగిన మనిషి. తెలుగు ధారాళంగా మాట్లాడింది. ముందు మా వంశవృక్షం గీసింది. మా అవ్వతాతలు పైన, వాళ్ల కింద మా అమ్మా, మామా, అమ్మ కింద నేను. మామకూ నాకూ మధ్య జంట గీత గీసి, అక్కడి నుంచి బాబును, పాపను దించింది. కాగితం మీద ఆ గీతలన్నీ కలిసి ఒక గుండ్రటి ముడిలా అయ్యాయి. మామ ఆ ముడి మీద వేలు పెట్టాడు.

“అంటే మేము చేసుకోవడం వల్లే గదా మేడమ్?” అన్నాడు.

“మీ ఇంట్లో ఎవరో పెద్దవాళ్ల దగ్గర ఒక చెడిన జన్యువు ఉండింది. మీకొకటి వచ్చింది, ఆమెకొకటి వచ్చింది. ఎవరికీ తెలిసే వీలు లేదు, ఎందుకంటే ఒకటి చెడినా రెండోది పని చేస్తుంది. రెండూ చెడినవి వచ్చిన బిడ్డకే జబ్బు. ప్రతి కాన్పులోనూ అట్లా జరగడానికి నాలుగింట ఒక పాలు అవకాశం. మిగతా మూడు పాలు ఈ పాప వైపు ఉన్నాయి. దాన్ని పట్టుకోండి” అందామె.

నేను ఇంటర్‌లో బైపీసీ చదివాను. రిసెప్టర్ అంటే ఏమిటో, ఎలా ఉంటుందో అడిగాను. పాఠంలో గ్రాహకం అని ఒక మాట చదివిన గుర్తే తప్ప మరేమీ తెలియదు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, రెండు ముంజేతులు దగ్గరగా చేర్చి, మోచేతులు మడిచి చూపించింది.

“తెల్లకణం పైపొరలో ఇట్లా నాటుకుని ఉంటుంది. రెండు గొలుసులు. ఇది ఆల్ఫా, ఇది బీటా. ఊరికే ఉన్నప్పుడు ఇట్లా వంగి ఉంటాయి. ఎక్కడన్నా పుండైతే, అక్కడి నుంచి పిలుపొస్తుంది. అప్పుడు రెండూ కలిసి నిటారుగా లేస్తాయి.” చేతులు చాచింది. “పైనున్న వేళ్లతో రక్తనాళం గోడను పట్టుకుంటాయి. నెత్తురు ప్రవాహంలో కొట్టుకుపోయే కణం అక్కడ ఆగుతుంది. ఆగితేనే గోడ సందులోంచి దూరి పుండు దగ్గరికి పోగలదు. అక్కడ క్రిముల్ని చంపి తను చస్తే అదే చీము. బొడ్డు ఊడాలన్నా ఈ కణాలే రావాల.”

“మా బాబుకు ఏది లేదు?”

“బీటా. అది లేకపోతే ఆల్ఫా ఒక్కటే పైకి రాలేదు, లోపలే కరిగిపోతుంది. ఇట్లాంటి జంటలు నాలుగు రకాలుండాయి. ఆల్ఫాలు వేరువేరు, బీటా అన్నిటికీ ఒకటే. అందుకే ఆ ఒక్కటి పోతే అన్నీ పోతాయి.”

నాకు మా చంద్రికలు గుర్తొచ్చాయి. పండిన పురుగును చంద్రిక అనే వెదురు తడక మీద వేస్తాం. అది దబ్బను పట్టుకుని ఎక్కితేనే గూడు కడుతుంది. పట్టులేని పురుగు జారి కిందపడి అక్కడే తిరుగుతుంటుంది. ఆకు లేక కాదు, ఒంట్లో దారం లేక కాదు. మా బాబు నెత్తురులో అన్ని లక్షల కణాలు అలా తిరుగుతూ ఉండిపోయాయని అప్పుడు నాకు కళ్లకు కట్టింది. రెండేళ్లుగా అర్థంకాని సంగతి ఆ గదిలో అర్థమైంది. ఏడుపు రాలేదు. ఏదో మూట దించినట్టుంది.

ఈ జబ్బు జాతిలోవే ఇంకో రెండు జబ్బులున్నాయట. ఒకదాంట్లో రిసెప్టర్ ఉంటుంది, పిలుపొచ్చినా లేవదు. ఇంకోదాంట్లో గోడను తాకి నెమ్మదించే చక్కెర పూత కణం మీద ఉండదు. ఇవన్నీ చాలా అరుదని, అరుదు కాబట్టే గుర్తించేలోపు ఆలస్యమవుతుందని చెప్పింది. పాపతోపాటు మా ఇద్దరి రక్తం కూడా ఇమ్మంది.

హొసకోటె చౌడప్ప

బయట వరుస బెంచీలో మా పక్కన ఒకాయన, ఆయన కూతురు కూర్చున్నారు. ఎనిమిదేళ్ల పిల్ల, పేరు నందిని, మూతికి గుడ్డ కట్టుకుని ఉంది. ఆయన చౌడప్ప, హొసకోటెలో ఫ్యాక్టరీ పని. మా తెలుగు వినగానే ఇటు తిరిగాడు.

“ఏ ఊరప్పా?”

మామ చెప్పాడు. జబ్బు సంగతి కూడా చెప్పాడు. చౌడప్ప తల ఊపాడు. “మా పిల్లకీ అదే. కాకుంటే ఆ రిసెప్టరు దీనికి స్వల్ప ఉండాదంట. వందలో పదో ఏమో. అందుకే ఇన్నాళ్లు నెట్టుకొస్తా ఉండాం.”

నందిని గుడ్డ కిందికి దించి పళ్లు చూపించింది. చిగుళ్లు ఎర్రగా, అరిగినట్టు ఉన్నాయి. కింద రెండు పళ్లు లేవు. “నేను రోజుకి నాలుగుసార్లు తోముకుంటా ఆంటీ. మా ఇంట్లో ఎవురూ అన్నిసార్లు తోముకోరు” అంది గొప్పగా. మోకాలి మీద ఒక పాత పుండు మచ్చ, సిగరెట్ కాగితంలా పలచగా మెరుస్తోంది. పాపను చూడాలని మెడ చాచింది కానీ దగ్గరికి రాలేదు. ఎవరూ చెప్పకుండానే బెంచీలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది. వాళ్ల నాన్న అది చూసి నవ్వాడు.

“దీని చెల్లెలి ఎముక మజ్జ దీనికి సరిపోయింది. ఉగాది దాటినంక మార్పిడి చేస్తామన్నారు. పోయేటప్పుడు మా ఊరి మీదనే గదా పోతారు, దిగి పోండి” అన్నాడు. మా ఫలితం ఎలా వస్తుందో ఇంకా తెలియదు. “చూస్తామన్నా” అన్నాడు మామ.

గడ్డకట్టిన రక్తం

పాప చేతిలో నరం దొరకడానికి ఎంత గోల జరిగిందో రాయను. దొరికింది, తీశారు, పెద్దమ్మ ఇంటికి వచ్చి పడుకున్నాం. మర్నాడు శీనన్న దుకాణానికి ఫోను వచ్చింది. పాప గొట్టంలో రక్తం గడ్డకట్టిందట, మళ్లీ రావాలట. శీనన్న ఆ మాట చెప్పడానికి మెట్లెక్కి వచ్చి, చెప్పలేక, “టిఫిన్ తిన్నారా?” అని అడిగి దిగిపోయి, మళ్లీ ఎక్కి వచ్చి చెప్పాడు.

ఆటోవాడు ట్రాఫిక్ తప్పిస్తానని సందుల్లో తిప్పి మమ్మల్ని వేరే ఆసుపత్రి ముందు దించాడు. అక్కడి నుంచి నడిచాం. ల్యాబులో ఈసారి ఒక అమ్మాయి తనే బయటికి వచ్చింది. పేరు ప్రశాంతి, తెనాలి దగ్గర పల్లెటూరు. “సారీ అండీ, ట్యూబులో మందుతో సరిగ్గా మిక్స్ అవలేదు. ఈసారి నేనే దగ్గరుంటాను” అంది. చెప్పినట్టే దగ్గరుంది. సూది గుచ్చిన వెంటనే ఆ గొట్టాన్ని అరచేతిలో పెట్టుకుని మెల్లగా, నిద్రపోయే పిల్లను తిప్పినట్టు అటూ ఇటూ తిప్పింది.

పరీక్ష ఎలా చేస్తారో అడిగాను. ఆ రిసెప్టర్‌కు మాత్రమే అంటుకునే మెరిసే మందు కలుపుతారట. తర్వాత కణాల్ని ఒక్కొక్కటిగా సన్నటి ధారలో లేజర్ వెలుతురు ముందు నుంచి పంపుతారట. ఏ కణం మీద ఎన్ని రిసెప్టర్లుంటే అంత మెరుస్తుంది. మిషను లెక్క కట్టి గుట్టలాంటి బొమ్మ గీస్తుంది.

“పక్కన పోల్చడానికి హెల్దీ మనిషి బ్లడ్ ఒకటి కావాలండీ. ఈసారి నాదే పెడుతున్నాను” అంది. తర్వాత వేలు చూపించి, “కానీ రిజల్ట్ నన్ను అడగొద్దు. డాక్టర్‌గారే చెప్పాలి. నా మొహం చూసి కనిపెట్టడం కూడా వద్దు, నాకు దాచడం రాదు.”

మడివాళలో ఆదివారం

ఈ అమ్మాయి సంగతి చెబితే పెద్దమ్మ ఊరుకోలేదు. “మన బిడ్డ పక్కన తన నెత్తురు పెట్టిన పిల్లకి ఏమీ ఇయ్యకుండా పోతారా?” అని క్యారియరు నిండా పితికిపప్పు పులుసు, రాగిముద్దలు సర్దింది. ప్రశాంతి ఉండేది మడివాళలో, ఉద్యోగాల అమ్మాయిల హాస్టల్లో. ఆదివారం పాపను ఎత్తుకుని వెళ్లాం.

మడివాళ మార్కెట్ చూస్తే నాకు మా టమోటా మండీ గుర్తొచ్చింది, కాకపోతే ఇక్కడ అమ్మేది కొనేది పోట్లాడేది నాలుగు భాషల్లో. అవరెకాయలు నేల మీద గుట్టలుగా పోశారు. హైదరాబాదు, విజయవాడ బస్సుల బోర్డులు తెలుగులోనే ఉన్నాయి. హాస్టల్ అంటే ఒక మూడంతస్తుల ఇల్లు, ఒక గదిలో నాలుగు మంచాలు, మంచం మంచానికీ మధ్య ఒక సూట్‌కేసు పట్టేంత దారి. లోపలికి మగవాళ్లను రానివ్వరు. మామ బయట అరుగు మీద కూర్చున్నాడు. ప్రశాంతి కిందికి వచ్చి అదే అరుగు మీద కూర్చుని తింది.

ముద్దను ఎలా తినాలో ఆమెకు తెలియదు, నమిలింది. “నమలకూడదమ్మా, తుంచి పులుసులో ముంచి మింగాల” అన్నాడు మామ. ప్రశాంతి కళ్లు పెద్దవి చేసి ఒక ముక్క మింగి, దగ్గి, నవ్వింది. “మా అమ్మ చూస్తే నన్ను తిడుతుందండీ, అన్నం నమలకుండా మింగుతున్నానని.”

మా ఉండాది, వస్తాది వింటే ఆమెకు ముచ్చటట. ఆమె అండీ అండీ అంటుంటే మాకు ఎవరో ఆఫీసరు మాట్లాడుతున్నట్టుంది. ఆ అరుగు మీద రెండు రకాల తెలుగులు, వీధిలో మూడో రకం, ఎవరి మాట వాళ్లది, అందరికీ అర్థమవుతూనే ఉంది. వచ్చేటప్పుడు ఆమె పాప పాదాన్ని దుప్పటి మీదుగా ఒకసారి తాకింది. “రేపు మిషనులో పెడతానండీ” అంది. అంతే.

చీము

సోమవారం పొద్దున పాపకు స్నానం చేయిస్తుంటే పిక్క మీద ఒక ఎర్రటి పొక్కు కనిపించింది. రెండు రోజుల కిందటి దోమకాటు. నగర్తపేట దోమలు మా ఊరి దోమలకంటే గట్టివి. బాబుకు ఇలాగే మొదలయ్యేది. ఎర్రగా మొదలై, వెడల్పై, నల్లబడి, పొడిగా మిగిలేది. దీపం దగ్గరికి తీసుకుపోయి చూశాను. పొక్కు నడుమ ఆవగింజంత తెల్లటి చుక్క. తడిపిన దూదితో అద్దగానే చిట్లింది. దూది మీద పసుపు తెలుపు కలిసిన జిగురు.

“మామా!” అని అరిచాను. మామ, శీనన్న, పెద్దమ్మ ముగ్గురూ పరుగెత్తుకొచ్చారు. దూది ముందుకు చాపాను. “చీము! చీము పట్టింది మామా!”

నాకు మతి పోయిందని పెద్దమ్మకు అనిపించింది. “అయ్యో, చీము పడితే నవ్వుతావేందే?” అంది. మామకు మాత్రం అర్థమైంది. దూదిని నా చేతిలోంచి తీసుకుని, కిటికీ దగ్గరికి పోయి, వెలుతురులో చాలాసేపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, “అక్కా, ఈ పొద్దు కేసరిబాత్ చేయి” అన్నాడు.

ఆసుపత్రికి ఫోను చేస్తే డాక్టరమ్మ అటువైపు నవ్వింది. “మంచి కబురే. అయినా లెక్క రానియ్యండి. శుభ్రం చేసి మందు రాయండి” అంది. ఆ రోజంతా నేను కేసరిబాత్ తింటూ సంతోషపడుతూ, మరుక్షణం పక్కన పెట్టేస్తూ గడిపాను. రిసెప్టర్ ఉండీ లేకుండా ఉన్న నందినికి కూడా ఎప్పుడైనా కాస్త చీము పడుతుందేమో, పాపదీ అలాంటిదేనేమో, ఏదీ తేల్చుకోలేకపోయాను.

నాలుగు గుట్టలు

మంగళవారం పిలిచారు. లోపలికి వెళ్తుంటే వరండాలో ప్రశాంతి ఎదురొచ్చింది. మమ్మల్ని చూడగానే చేతిలోని ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. పదిమందిలో అలా పట్టుకోవడం పెళ్లయ్యాక అదే మొదలు.

డాక్టరమ్మ కంప్యూటరు తెర మా వైపు తిప్పింది. ఎడమ చివర వేలు పెట్టింది. “మీ బాబు గుట్ట ఇక్కడ ఉండింది. మెరుపే లేదు.” కుడి వైపు చూపించింది. “ఇది జబ్బులేని మనిషిది.” అది ప్రశాంతిదని మాకు తెలుసు. “ఇప్పుడు మీ ముగ్గురివీ చూడండి.”

మూడు గుట్టలు. ప్రశాంతి గుట్టకు కొంచెం ఇవతలగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, రంగులు వేరు కాకపోతే ఒకటే అనిపించేలా ఉన్నాయి.

“పాపకు సగముంది” అందామె.

“సగమేనా?” మామ కుర్చీ అంచుకు జరిగాడు.

“మీకు ఉండేదీ సగమే. మీ భార్యకీ సగమే. మీకెప్పుడన్నా దెబ్బ తగిలి మానకుండా పోయిందా?”

మామ తన ఎడమ చూపుడువేలు తెర ముందు పెట్టాడు. మల్బరీ కొమ్మలు నరుకుతూ కత్తి దించుకున్న మచ్చ. ఎముక కనిపించిన గాయమది. అమావాస్య నాడు తెగింది, పున్నమి నాటికి మళ్లీ కత్తి పట్టాడు. ఆ వేలిని ఆయన అలా చూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

“పాపకు జబ్బు లేదు. మీలాగా ఒక మంచిది, ఒక చెడ్డది. పెద్దయ్యాక పెళ్లి మాట వచ్చినప్పుడు మాత్రం దగ్గరి సంబంధం వద్దు. ఇంకో బిడ్డ కావాలనుకుంటే ముందుగా నా దగ్గరికి రండి” అంది డాక్టరమ్మ.

బయటికి వస్తే ప్రశాంతి మెట్ల మీద నిలబడి ఉంది. ఫైలు లేదు. పాపను ఆమె చేతుల్లో పెట్టాను.

చెవులు కుట్టించడం

ఇల్లు చేరగానే పెద్దమ్మ చేతులు చాచింది. ఇక ఆ పూటంతా పాప నేల మీద కానీ నా ఒళ్లో కానీ లేదు. పాపకు సూది అంటే మేము ఇన్నాళ్లూ వణికాం కాబట్టి చెవులు కుట్టించే మాటే ఎత్తలేదు. పెద్దమ్మ ఎత్తింది. డాక్టరమ్మను అడిగితే, శుభ్రమైన సూదితో అయితే సరేనంది.

నగర్తపేటలో కంసాలికి వెతుక్కోవాల్సిన పని లేదు, నాలుగు గడపలు నడిస్తే చాలు. బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి. పెద్దమ్మ కొడుకు కాబట్టి శీనన్న నాకు అన్న, పాపకు మేనమామ. కానీ మామ వైపు నుంచి లెక్క వేస్తే ఆయన మేనల్లుడే, అంటే పాపకు బావ. ఈ చిక్కు శీనన్నే లేవదీశాడు. పెద్దమ్మ కసిరింది. “ఏ వరసలో చూసినా నీ ఒడే. కూచోప్పా సుమ్నే.”

కంసాలి ముసలాయన సూదిని మంటలో కాల్చి, స్పిరిట్‌తో తుడిచి, ఒక్క క్షణంలో పొడిచాడు. పాప వీధి చివరిదాకా వినిపించేలా ఏడ్చింది. ఎడమ చెవి తమ్మె మీద ఒక్క నెత్తుటి బొట్టు పూసింది. చూస్తుండగానే అక్కడే ఆగిపోయింది. శీనన్న జేబులోంచి సన్నటి జరీ పోగు తీసి పాప మణికట్టుకు చుట్టాడు. మా వైపు అమ్మమ్మ ఇంటివాళ్లు మొలతాడు కడతారు. వాళ్ల వైపు జరీ కడతారట. మూడు తరాల అలవాటంది పెద్దమ్మ. శీనన్న నవ్వు చూస్తే ఆ పొద్దే పుట్టిన అలవాటులా ఉంది.

హొసకోటెలో దిగి

తిరుగు బస్సులో హొసకోటె దగ్గరికొస్తుండగా మామ నా వైపు చూశాడు. వెళ్లాలా వద్దా అని ఇద్దరికీ సందేహమే. మా మంచి కబురు మోసుకుని, ఇంకా ఎదురుచూస్తున్న ఇంటికి పోవడం ఎలా? చివరికి నేనే లేచి గంట తాడు లాగమన్నాను.

చౌడప్ప ఇల్లు రోడ్డుకు దగ్గరే. చెప్పగానే ఆయన మామను రెండు చేతులా కావలించుకున్నాడు. “వచ్చి చెప్పిపోతిరే, అది చాలప్పా. మంచిగా అయినోళ్లు ఎవురూ తిరిగి మా మొగం చూడరు” అన్నాడు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. చెల్లెలు, నాలుగేళ్ల పిల్ల, తన నడుము చూపించి, “అక్కకి ఇక్కడ నుంచి తీసిస్తా” అంది. మజ్జ అంటే ఏమిటో తెలియకపోయినా ఇవ్వడం తన వంతని తెలుసు ఆ పిల్లకు.

నందిని మాయమైంది. పెరట్లో నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. వచ్చినప్పుడు మోచేతులదాకా తడిసి ఉంది.

“సోపు రెండుసార్లు వేసినా ఆంటీ. ఇప్పుడు ఎత్తుకోవచ్చా?”

వాళ్లమ్మ వద్దన్నట్టు చూసింది. నాకు బస్సులోని ముళబాగిలు ఆమెతో ఆడిన అబద్ధం ఇక ఆడాలనిపించలేదు. చాప మీద కూర్చోమన్నాను. పాపను ఆ పిల్ల తొడల మీద పడుకోబెట్టాను. నందిని మూతిగుడ్డ సరిచేసుకుని, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ, పాప చెవుల్ని చూసింది. “నొచ్చిందా?” అని పాపనే అడిగింది. తర్వాత వేలు ఒకటి ముందుకు చాపింది. పాప దాన్ని పట్టుకుంది.

“ఆంటీ, చూడండి! గట్టిగా పట్టుకునింది.”

మేము పెద్దవాళ్లం ఉగాది గురించి, ఆసుపత్రిలో ఎన్నాళ్లుండాలో, ఎవరు తోడుండాలో మాట్లాడుకున్నాం. ఆ రోజుల్లో ఒక పంట పురుగులు వేయకుండా తను వచ్చి తోడుంటానని మామ అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. చౌడప్ప వద్దనలేదు.

రోడ్డు మీద పలమనేరు బస్సు హారన్ వినిపించింది. అందరం లేచాం. నందిని మాత్రం లేవలేదు, లేవలేకపోయింది. పాప దాని వేలిని ఇంకా వదల్లేదు. నేను వంగి ఆ చిన్న వేళ్లను ఒక్కొక్కటిగా విప్పాల్సి వచ్చింది.